ఉమ్మడి బావి, రెండు బోర్లు

పోయిన నెల మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపినాడు, మా ఊరి చెరువు మరవ పోతాంది. (మరవ అంటే తెలీని వాళ్ళకు: చెరువు నిండి నీళ్ళు పొర్లిపోయే చోటు, కోస్తాలో కలుజు అంటారు, తెలంగాణలో అలుగు, మత్తడి అంటారు.) మోకాలి లోతు నీళ్ళల్లో పిల్లోళ్ళు ఎగురుతాండారు, ఆడోళ్ళు గంగమ్మకు పసుపు కుంకుమ వేసి టెంకాయలు కొడతాండారు, ఎవరో డీజే కూడా పెట్టినారు. నాయనకు చూపిస్తే కండ్లద్దాలు తెచ్చుకోని మరీ నాలుగు సార్లు చూసినాడు. ఆ రోజంతా నా బుర్రలో పాత కథలే తిరిగినాయి, అందుకే రాస్తాన్నా, పొడుగైతే ఏమనుకోవద్దండి.

మాది పాత అనంతపురం జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టినాక శ్రీ సత్యసాయి జిల్లాలో పడింది, చిత్రావతి పక్క. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. రాజస్థాన్ జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన మనకేరా అని స్కూల్లో సారు ఏదో మెడల్ వచ్చినట్టు చెప్పేవాడు, లెక్క తీస్తే అది నిజం కాదు గానీ. నైరుతి అంతా పడమటి కనుమల్లోనే కురిసేసి మా దాకా వచ్చేసరికి ఉత్త గాలి మిగుల్తుంది, ఈశాన్యమేమో చెన్నై, నెల్లూరు దగ్గరే సంచి ఖాళీ చేసుకుంటుంది, మాకు అడుగూ బొడుగూ. అంటే కరువు మాకు కొత్త కాదు, కరువుతో ఎట్ల కాపురం చేయాల్నో మా పెద్దోళ్ళకు తెలుసు. ఆ తెలిసింది ఎప్పుడు, ఎట్ల పోయిందో అదే నాకు అర్థం కాని సంగతి.

చిన్నప్పుడు మా చెరువుకు నీరుగంటి తాత ఉండేవాడు. తూము తీసేదీ మూసేదీ ఆయనే, ఎంత భూమి ఉన్నోడైనా తూము మీద చెయ్యి వేయకూడదు. చెరువులోకి ఎంత నీళ్ళొచ్చినాయో చూసుకోని పెద్దోళ్ళు కట్ట మీద మర్రిచెట్టు కింద కూర్చొని ఈసారి ఎన్ని మళ్ళకు వరి, ఎన్నింటికి రాగి, ఎంత బీడు పెట్టాల అని తేల్చేవాళ్ళు. చెరువు సగమే నిండితే అందరికీ సగమే, పది మళ్ళున్నోడు అయిదు నాటల్ల, రెండున్నోడు ఒకటి నాటల్ల. అరుచుకునేవాళ్ళు, బండబూతులు తిట్టుకునేవాళ్ళు, ఒకసారి మా అబ్బ (నాయన వాళ్ళ నాయన) పైగుడ్డ దులిపి "ఇంగ ఈ కట్ట ఎక్కితే నా పేరు మార్చుకుంటా" అని దిగొచ్చేసినాడు, తెల్లారి మళ్ళీ ఎక్కినాడు. ఎందుకంటే నీళ్ళు కండ్ల ముందర కనపడతాండె. ఎంతుందో అందరికీ తెలుసు, ఎవరు ఎంత తీసుకున్నారో కూడా తెలుసు. అబద్ధం చెప్పడానికి లేదు.

అప్పుడంతా బంగారం అని రాయబోతే చెయ్యి ఆగింది, నిజం చెప్పాల కదా. ఊరందరి మళ్ళకూ నీళ్ళు పంచే ఆ నీరుగంటి తాతకు ఊరి మంచినీళ్ళ బావిలో చేద వేసే హక్కు లేకుండె. ఎవరో ఒకరు తోడి పోస్తే వంగి దోసిలి పట్టేవాడు. కళ్ళంలో మేర (ఆయన పనికి ఇచ్చే గింజల వాటా) కొలిచేటప్పుడు కూడా దూరంగా నిలబడేవాడు. నేను అడిగితే అబ్బ "అది అంతేలేరా" అన్నాడు, ఇంకో మాట లేదు. నీళ్ళ మీద తగాదా అంటే తలకాయలు పగిలేదే అనుకుంటాం, చప్పుడు లేకుండా ఏండ్ల తరబడి జరిగేది కూడా ఉంటుంది.

మా జేజి (నాయనమ్మ) బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చెప్పేది. చెరువు కట్ట తెగబోతాంటే ఆ ఊర్లో ఒక ఇంటి చిన్న కోడలు ముసలమ్మ గండిలో నిలబడి ప్రాణం ఇచ్చిందంట, కట్ట నిలబడిందంట. నేను నోరు తెరుచుకోని వినేవాణ్ణి, మా అక్క మాత్రం "కట్ట తెగితే కోడలే ఎందుకు పోవాల జేజీ, మామ పోవచ్చు కదా" అనేది. జేజి దగ్గర జవాబు ఉండేది కాదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే మళ్ళీ వస్తా అక్క దగ్గరికి.

చెరువు కింద మాకున్నది తక్కువే, ఎక్కువ మెట్ట. మెట్ట చేన్లో ఒక బావి, అది మాకూ పై చేను మామ వాళ్ళకూ ఉమ్మడి. మామ అంటే రక్త సంబంధం కాదు, అబ్బల కాలం నుంచీ వరస కలుపుకున్నారు, అంతే. బావి తవ్వింది ఇద్దరబ్బలూ కలిసి, ఆ గుర్తుకు మెట్ల దగ్గర బండ మీద రెండు చేతులు చెక్కించుకున్నారు కూడా. ఒక పగలు మా వంతు, ఒక పగలు వాళ్ళ వంతు. ముందు కపిల (ఎద్దులతో నీళ్ళు తోడేది) తోలేవాళ్ళంట, నేను పుట్టేసరికి అయిదు హార్స్‌పవర్ మోటారు వచ్చింది, మోటారు కూడా ఉమ్మడే, బిల్లు చెరి సగం. మా వంతు రోజు మా చేన్లో పెండ్లి పనో జొరమో ఉంటే మామే వచ్చి మా మళ్ళు కూడా పారగట్టి పోయేవాడు. నేను ఈత నేర్చుకున్నది ఆ బావిలోనే, మామ నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి తోసేసినాడు, నీళ్ళు మింగి నేను ఏడుస్తాంటే మెట్ల మీద కూర్చోని బీడీ తాగుతా నవ్వినాడు. దుర్మార్గుడు అనుకున్నా, కానీ మూడో రోజుకు ఈత వచ్చేసింది.

వానల లెక్క అబ్బకు నోట్లోనే ఉండేది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు, ఉత్తర చూసి ఎత్తర గంప. ఉత్తర కార్తెలో కూడా పడకపోతే గంప నెత్తిన పెట్టుకోని వలస పో అని దాని అర్థం. కార్తెల ప్రకారం శెనక్కాయ వేసేవాళ్ళు, ఊడ దిగేటప్పటికి ఒక వాన, కాయ ఊరేటప్పటికి ఒక వాన పడితే చాలు. తొంభైల చివర నుంచి ఆ లెక్క తప్పడం మొదలైంది. మొత్తం వాన తగ్గిందా అంటే సర్కారు లెక్కల్లో కొన్నేండ్లు సరిగ్గానే కనపడుతుంది, అదే కదా తమాషా. నలభై రోజులు చుక్క పడదు, చెట్టు మాడిపోతుంది, ఆ తర్వాత ఒకే రాత్రి నెల వాన కుమ్మరిస్తుంది, ఆ నీళ్ళు నేలలోకి దిగేలోపే వంకలో పడి పోతాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందంట, అందుకే ఆగి ఆగి ఒకేసారి దంచుతాంది అని తర్వాత చదువుకున్నా. అబ్బకు ఈ ఫిజిక్స్ తెలీదు, "కార్తెలు మాట తప్పినాయిరా" అన్నాడు, అంతే. నాకు ఇప్పటికీ వాతావరణ మార్పు అంటే ఆ మాటే గుర్తొస్తుంది.

2002. దేశమంతా కరువు, జూలై నెలంతా ఎండలే. మా ఉమ్మడి బావి ఎండింది. అంతకు ముందు కూడా ఎండేది గానీ అడుగున ఇంత బురద, ఆ బురదలో ఊట ఉండేది, ఈసారి అడుగు బండ తెల్లగా కనపడింది, నేనూ అక్కా దిగి చూసినాం, చిన్నప్పుడు పోయిన ఇత్తడి చెంబు దొరికింది.

పూడిక ఇద్దరం కలిసి తీద్దాం అన్నాడు నాయన. మామ సరే అన్నాడు గానీ ఆ వారంలోనే రిగ్గు బండి వచ్చింది, తమిళనాడు తిరుచెంగోడు బండి, ఆ రోజుల్లో మా జిల్లాలో ఎక్కడ చూసినా అవే. టెంకాయ అరచేతిలో పెట్టుకోని ఒకాయన చేనంతా నడిచినాడు, టెంకాయ నిటారుగా లేచిన చోట సున్నం వేసినారు, అది మా గట్టుకు ముప్పై అడుగుల దూరం. 280 అడుగుల్లో రెండంగుళాల నీళ్ళు పడినాయి. మామ మా ఇంటికి బెల్లం పంపినాడు, మేము తిన్నాం, అమ్మ సంతోషంగానే తినింది, నాయన మాత్రం చేతిలో పట్టుకోని కూర్చున్నాడు.

మాది మూడు వందల చీనీ చెట్లు (బత్తాయి), ఎనిమిదేండ్ల తోట, అప్పుడప్పుడే కాపు మంచిగా వస్తాండె. మళ్ళీ శెనక్కాయ వేసుకోవచ్చు గానీ చెట్టు చస్తే మళ్ళీ ఎనిమిదేండ్లు. నాయన అప్పు చేసి బోరు వేసినాడు, 300 అడుగుల దాకా దుమ్ము, 420 దగ్గర నీళ్ళు. మేమూ బెల్లం పంపినాం. ఇరవై రోజులకు మామ బోరు గాలి కక్కింది.

మా దగ్గర కింద అంతా గట్టి రాయి, నీళ్ళు ఆ రాయి పగుళ్ళల్లో ఉంటాయి. ఒకే పగులులో ఇద్దరు పైపులు పెడితే లోతుగా పెట్టినోడికి వస్తుంది, పైనున్నోడికి పోతుంది. ఇది ఇప్పుడు చెప్పడం సులువు, అప్పుడు మామకు అర్థమైంది ఒకటే, "నా నీళ్ళు లాక్కున్నాడు" అని. నాయనకు అర్థమైంది కూడా ఒకటే, "ముందు మొదలు పెట్టింది ఎవరు" అని. మామ 600కు పోయినాడు. మాది తగ్గింది. మేము ఇంకోటి, దుమ్ము. ఇంకోటి, దుమ్ము. అప్పటికి లక్షా అరవై వేలు నేలలోకి పోయినాయి. బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండల్ల, అనుమతి తీసుకోవల్ల అని వాల్టా చట్టం వచ్చింది కూడా ఆ 2002లోనే, మా ఊర్లో ఎవరూ ఆ పేరు వినలేదు, విన్నా ఆగేవాళ్ళు కాదులే.

పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, వెయ్యి మంది కూలోళ్ళు, వంద బండ్లు, రెండేండ్లు పని చేస్తే ఆ కట్ట అయిందని రాసుంటుంది. అంతమంది కలిసి కట్టుకున్నది కాబట్టే అంతమందికీ దాని మీద మాట ఉండేది. బోరుకు ఒక రాత్రి చాలు, ఒక్కడు చాలు. తర్వాత 2004లో వ్యవసాయానికి కరెంటు ఫ్రీ అయింది, చాలా ఇండ్లు నిలబెట్టింది, కాదనను, మా ఇల్లు కూడా. కానీ మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టేసి నిద్రపోయేవాళ్ళం, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు అదే తోడుకుంటాండె, ఆపితే పక్కోడు తోడేస్తాడని భయం. వంతు అనే మాటే పోయింది.

ఇంగ అక్క సంగతి. అక్కను మామ పెద్దకొడుక్కు ఇచ్చేది ఎప్పుడో అనుకున్నదే, బయటికి చెప్పకపోయినా ఊరందరికీ తెలుసు. ఆ బావ అనంతపురంలో డిగ్రీ చదువుతా ఊరికొచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకుతో మా ఇంటికి వచ్చేవాడు, నాకు క్రికెట్ బాల్ తెచ్చేవాడు, బాల్ నాకోసం కాదని నాకు తర్వాత కానీ తెలీలేదు. 2003 ఎండాకాలం ఒక రాత్రి ఎవరో మా బోరు కేసింగ్‌లో రాళ్ళు వేసినారు, మోటారు లోపలే ఇరుక్కుపోయింది. ఎవరు వేసినారో ఇప్పటికీ రుజువు లేదు, మామే అని నాయన, నేను కాదని మామ. తెల్లారి గట్టు మీద మాటా మాటా పెరిగింది, మామ పార ఎత్తినాడు, నాయనకు తల మీద పదకొండు కుట్లు. మా చిన్నాయన పోయి వాళ్ళ స్టార్టర్ పెట్టె పగలగొట్టి మామ చెయ్యి విరగ్గొట్టినాడు. కేసు, దానికి కౌంటర్ కేసు, నాలుగేండ్లు కోర్టు చుట్టూ తిరిగి ఇద్దరి దగ్గరా డబ్బులైపోయినాక రాజీ. కోర్టులో రాజీ అయినారు, మాటలు మాత్రం లేవు. ఆ వాయిదాలకు ఇద్దరూ ఒకే బస్సులో పోయేవాళ్ళు, ఊరికి ఉన్నదే ఒక బస్సు, ఒకరు ముందర సీట్లో, ఒకరు వెనక సీట్లో.

అక్కను హిందూపురం పక్క ఇచ్చినారు. బాగానే ఉంది, ఇద్దరు పిల్లలు. పెండ్లి రోజు పొద్దున్నే నా దగ్గరికొచ్చి "ముసలమ్మ కథ గుర్తుందా రా" అని నవ్వింది, నాకప్పుడు అర్థం కాలేదు, అర్థమైనప్పుడు అడిగే ధైర్యం లేకపాయె.

చీనీ తోటకు రెండేండ్లు ట్యాంకర్లతో నీళ్ళు కొని పోసినాం, మూడో ఏడు కొట్టేసినాం. కట్టెల కింద అమ్మితే ట్యాంకర్ల బాకీలో పావలా వంతు కూడా రాలేదు. తోట కొట్టేరోజు మామ వాళ్ళ గట్టు మీద నిలబడి చూస్తాండె. నవ్వుతాండాడు అనుకున్నా నేను, నాయన తల ఎత్తలేదు. వాళ్ళ తోట ఆ తర్వాతి ఏడే పోయింది.

మా జిల్లాలోనే కొన్ని ఊర్లలో వేరే దారి పట్టినారు. బోర్లున్న రైతులు పైపులు కలుపుకోని, బోరు లేనోడి చేనుకు కూడా ఒక తడి ఇచ్చి, బదులుగా అందరూ కొత్త బోరు వేయమని ఒప్పుకున్నారు. స్వచ్ఛంద సంస్థల వాళ్ళు వెనకుండి కూర్చోబెట్టి మాట్లాడించినారు. ఒకసారి నాయనతో ఈ సంగతి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "వాళ్ళు మన ఊరికి ఒక్క ఏడు ముందు వచ్చింటే" అన్నాడు.

తర్వాత హంద్రీనీవా వచ్చింది, శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు ఎత్తిపోసుకుంటా 2012లో జీడిపల్లికి, 2016లో గొల్లపల్లికి తెచ్చినారు. నీళ్ళొస్తే తగాదాలు పోతాయనుకున్నాం. పోలేదు, సైజు పెరిగింది. ఇద్దరు మనుషుల తగాదా రెండూర్ల తగాదా అయింది, మా చెరువు నిండినాకే కిందికి అని పైఊరు, రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి కాలువకు గండి కొట్టి తూము దగ్గర కాపలా, పొద్దున పోలీసులు. తుంగభద్ర నుంచి మా జిల్లాకొచ్చే ఎగువ కాలువ సంగతీ అంతే, తుంగభద్ర డ్యాంలో మొదట్లో 133 టీఎంసీలు పట్టేది, పూడిక పడి ఇప్పుడు 105 దగ్గర ఉంది, నీళ్ళు తగ్గినాయి గానీ వాటాల కాగితం మారదు కదా, ప్రతి ఏడూ గొడవే. 2023 నవంబరులో తెలంగాణ పోలింగుకు ముందు రాత్రి నాగార్జునసాగర్ మీద మన రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడింటే టీవీలో చూస్తా నాయన "ఇది మన గట్టే కదరా" అన్నాడు. జోకు కాదు, మామూలుగానే అన్నాడు.

నేను ఉద్యోగానికి బెంగుళూరు వచ్చి పదిహేనేండ్లు దాటింది. 2016 సెప్టెంబరులో కావేరి నీళ్ళు తమిళనాడుకు వదలమని సుప్రీంకోర్టు చెప్తే ఊరు అంటుకుంది, తమిళనాడు నంబరు ప్లేటున్న బస్సులు లారీలు తగలబెట్టినారు. నాది ఏపీ 02 బండి, మాకూ కావేరికీ సంబంధం లేదు, అయినా ఆ వారం బండి మీద దుప్పటి కప్పి బేస్‌మెంటులో పెట్టినా. ఎందుకు కప్పినావని అడిగితే సిగ్గేస్తుంది, కానీ పార ఎత్తినోడు ఆగి లెక్క చూసుకోడని నాకు తెలుసు.

2024 మార్చి ఇంకా బాగా గుర్తుంది. బెంగుళూర్లో వేల బోర్లు ఎండిపోయినాయి, మా అపార్ట్‌మెంట్ బోరు కూడా. తాగే నీళ్ళతో కారు కడిగితే అయిదు వేలు ఫైన్ అన్నారు. ట్యాంకరోడు ఫోన్ ఎత్తడు, ఎత్తితే రేటు డబల్. అపార్ట్‌మెంట్ గ్రూపులో అంతవరకూ గుడ్ మార్నింగ్ పూలు పెట్టుకునే మనుషులు ఏ బ్లాక్ వాళ్ళు ఎక్కువ వాడుతున్నారు, అద్దెకున్నోళ్ళు ఎన్ని సార్లు మిషన్ వేస్తున్నారు, ఏ ఇంట్లో చుట్టాలు వచ్చినారు అని లెక్కలు తీసినారు. ఒకాయన "బయట నుంచి వచ్చినోళ్ళ వల్లే" అన్నాడు, ఆయనదీ ఇక్కడ కాదు, ఎవరికీ గుర్తు రాలేదు. నాయన బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకోని తులసి చెట్టుకు పోస్తా "ఇక్కడ నీరుగంటి లేడా రా" అని అడిగినాడు.

ఆ నెలలోనే పక్క లేఅవుట్లో రాత్రి రిగ్గు పెట్టినారు. అందరూ సౌండ్ అని తిట్టుకుంటాండారు. రెండు గంటలప్పుడు లేచి చూస్తే నాయన బాల్కనీలో చీకట్లో కూర్చోనుండాడు. "దుమ్మే వస్తాంది, నీళ్ళు తగిలితే సౌండు మెత్తబడుతుంది" అన్నాడు. తెల్లారుజాము దాకా అట్లే కూర్చున్నాడు, నేనూ కూర్చున్నా. సౌండు మారలేదు.

సరే, వీడియో సంగతి. మూడు నిమిషాల వీడియో. నేను చెరువును చూస్తాన్నా, ఎంత పొడుగు పారుతాంది, ఎవరెవరు ఉండారు అని. నాయన రెండోసారి చూసేటప్పుడు నిమిషంన్నర దగ్గర ఆపమన్నాడు. మరవ అంచున, డీజే వాళ్ళకు దూరంగా, నెత్తికి టవలు చుట్టుకోని ఒక ముసలాయన చేతిలో టెంకాయ చిప్ప పట్టుకోని నిలబడుండాడు. నేను గుర్తు పట్టలేదు. నాయన రెండు వేళ్ళతో పెద్దది చేయమన్నాడు, చేస్తే బొమ్మ అలుక్కుపోయింది.

"వాని పెండ్లాం పోయినంక వానికి తిండి పెట్టేవాళ్ళు లేరనుకుంటా, ఎంత చిక్కిపోయినాడో చూడు" అన్నాడు.

ఫోన్ చేద్దామా నాయనా, నంబరు తీసుకుంటా అన్నా.

"నీళ్ళు ఇంకా ఎన్ని రోజులు పోతాయో అడుగు మీ చిన్నాయన కొడుకును" అన్నాడు. అని, ఫోన్ మళ్ళీ నా చేతిలో పెట్టి, "ఇంగొకసారి పెట్టు" అన్నాడు.